కొత్త కోర్సు, సీట్ల లెక్క: ప్రవేశాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గణిత విభాగాధిపతిగా పనిచేస్తున్నాను. వచ్చే విద్యా సంవత్సరం నుంచి సెల్ఫ్ ఫైనాన్స్ పద్ధతిలో (ఖర్చంతా విద్యార్థుల ఫీజుల నుంచే) ఎమ్మెస్సీ డేటా సైన్స్ ప్రారంభించాలని అనుకుంటున్నాం. 60 సీట్లు పెట్టమని పైనుంచి ఒత్తిడి ఉంది. నాకైతే 40 కూడా ఎక్కువే అనిపిస్తోంది. సీట్ల సంఖ్యను దేని ఆధారంగా నిర్ణయించాలి? పనులు ఏ క్రమంలో మొదలుపెట్టాలి?
– ఒక ప్రొఫెసర్, రాయలసీమ

జవాబు: సీట్ల సంఖ్యను దరఖాస్తులు ఎన్ని వస్తాయన్న అంచనాతో నిర్ణయించకండి. రెండో సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టేవారు ఎంతమంది ఉంటారన్న అంచనాతో నిర్ణయించండి. ఈ కోర్సుకు మంచి గిరాకీ ఉందన్న వాక్యం ప్రతి ప్రతిపాదన మొదటి పేజీలోనూ ఉంటుంది కాబట్టి దానికి విలువ లేదు. పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాసినవారు వేరు, ర్యాంకు వచ్చినవారు వేరు, వెబ్ ఆప్షన్లలో మీ కోర్సును పెట్టుకున్నవారు వేరు, సీటు వచ్చాక ఫీజు కట్టి రిపోర్టు చేసేవారు వేరు. వీరందరిలో, ఐసెట్ ద్వారా ఎంసీఏ సీటో, ఎడ్‌సెట్ ద్వారా బీఈడీ సీటో వచ్చిన తర్వాత కూడా మీ తరగతి గదిలోనే మిగిలేవారు మరీ వేరు.

లెక్క ఎలా వేయాలో చూపడానికి కొన్ని అంకెలు అనుకుందాం. సీటు కేటాయించిన ప్రతి 10 మందిలో ఆరుగురు ఫీజు కడతారనీ, వారిలో ఒకరు తర్వాత వెళ్లిపోతారనీ అనుకుంటే, 40 సీట్లకు మొదటి విడతలో నిలిచేది 20 మంది. మిగిలిన 20 సీట్లను రెండో విడతలో కేటాయిస్తే అదే దామాషాలో మరో 10 మంది వస్తారు. అంటే విడతలయ్యాక మిగిలిన సీట్లకు జరిపే స్పాట్ అడ్మిషన్లకు ముందు 30. ఈ 10, 6, 1 అంకెల స్థానంలో మీ విశ్వవిద్యాలయపు సొంత అంకెలు పెట్టుకోవాలి. మీ ఎమ్మెస్సీ గణితం, పక్క విభాగపు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ కోర్సుల గత మూడేళ్ల కేటాయింపు జాబితాలను, హాజరు పట్టికలను, మొదటి సంవత్సరపు పరీక్ష ఫీజు రిజిస్టరును ఎదురెదురుగా పెట్టుకుంటే ఒక సాయంత్రంలో తేలిపోయే పని ఇది. ఇంత తేలికైన పనిని ప్రతిపాదన రాసేవారు ఎందుకు చేయరో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. సొంతంగా ప్రవేశాలు నిర్వహించుకునే సంస్థలు కొందరు రాకపోవచ్చునని సీట్లకు మించి పిలుపులు పంపుకోగలవు. రాష్ట్రమంతటికీ ఒకేచోట సీట్లు కేటాయించే కన్వీనర్ కౌన్సెలింగ్‌లో ఆ వెసులుబాటు మీకు ఉండదు. మీ చేతిలో ఉండేవి విడతలు, స్పాట్ అడ్మిషన్లు మాత్రమే.

ఇక డబ్బు సంగతి. ఏడాది ఫీజు 40,000 రూపాయలు పెడితే 30 మందికి 12 లక్షలు వస్తాయి. నెలకు 50,000 చొప్పున ఇద్దరు అతిథి అధ్యాపకులను ఏడాది పొడవునా పెట్టుకుంటే ఆ 12 లక్షలూ అక్కడికక్కడే చెల్లు. ల్యాబ్, పరీక్షల నిర్వహణ, విశ్వవిద్యాలయం తీసుకునే వాటా ఇంకా మిగిలే ఉంటాయి. పైగా ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద రావలసిన సొమ్ము లెడ్జర్‌లో కనిపించే రోజు, ఖాతాలో పడే రోజు ఒకటి కావు. అందువల్ల మొదటి ఏడాది జీతాలను ఆ సొమ్ముతో ముడిపెట్టకుండా వేరే నిధి నుంచి చూపించమని పాలకమండలిని ముందే అడగండి. రెండో ఏడాది బ్యాచ్‌లు రెండవుతాయనీ, ల్యాబ్ గంటలు రెట్టింపవుతాయనీ కూడా అదే నోట్‌లో రాయండి. మొదటి ఏడాది ఖాళీగా కనిపించిన టైంటేబుల్‌ను చూసి మురిసిపోయిన విభాగాలు రెండో ఏడాది ఇబ్బంది పడతాయి.

ఇవన్నీ చూస్తే 60 వద్దనే నా సలహా. అయితే 40 కంటే కిందికి దిగడం కూడా మంచిది కాదు. కారణం రిజర్వేషన్ రోస్టర్, అంటే ఏ సీటు ఏ వర్గానికో చూపే వరుస పట్టిక. 40 సీట్లలో ఎస్సీలకు 15 శాతం అంటే 6 సీట్లు వస్తాయి, బాగానే ఉంది. ఎస్టీలకు 6 శాతం చొప్పున 2.4 వస్తాయి, బీసీలకు వారి వారి శాతాల ప్రకారం బీసీ-ఏకు 2.8, బీసీ-బీకి 4, బీసీ-సీకి 0.4, బీసీ-డీకి 2.8, బీసీ-ఈకి 1.6. ఎస్సీ వర్గీకరణ వచ్చాక 1, 6.5, 7.5 శాతాల చొప్పున ఆ 6 సీట్లు కూడా 0.4, 2.6, 3గా విడిపోతాయి. వీటన్నిటి మీద అడ్డంగా మహిళలకు మూడింట ఒక వంతు. 20 సీట్లకు దిగితే ఎస్టీలకు 1.2, బీసీ-సీకి 0.2 వస్తాయి, భిన్నాలు పెరిగేకొద్దీ ఎవరి వంతు ఏ ఏడాది అన్న వివాదం పెరుగుతుంది. రోస్టర్ బిందువులను ప్రవేశాల డైరెక్టరేట్ చేత నోటిఫికేషన్‌కు ముందే రాతపూర్వకంగా ఖరారు చేయించుకోండి. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల 10 శాతాన్ని అదనపు సీట్లుగా కలిపితే 44 మంది అవుతారు కాబట్టి ల్యాబ్‌లో 40 కంప్యూటర్లు ఉంటే చాలనుకోకండి.

క్రమం విషయానికొస్తే, వెనుక నుంచి ముందుకు లెక్కపెట్టుకోవాలి. ఏపీ పీజీసెట్ పరీక్షలు 2024లోనూ, 2025లోనూ జూన్‌లో జరిగాయి. దరఖాస్తుల నోటిఫికేషన్ వెలువడే నాటికి మీ కోర్సు పేరు, సీట్లు, అర్హత, ఏ పరీక్ష ద్వారా ప్రవేశమో జాబితాలో ఉండాలి. అలా ఉండాలంటే సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం దసరా, దీపావళి మధ్యలో అయిపోవాలి. అకడమిక్ సెనేట్, పాలకమండలి ఆమోదాలు సంక్రాంతి లోపు రావాలి. ఆ వెంటనే ఉన్నత విద్యామండలికి ఫైలు వెళ్లాలి. నోటిఫికేషన్ తర్వాత చేరిన కోర్సు మొదటి బ్యాచ్‌లో నిండదు. అది కోర్సు లోపం కాకపోయినా, పేరు మాత్రం కోర్సుకే వస్తుంది.

ఇందులో అందరూ తొందరగా దాటేసేది, నేను ఎక్కువసేపు ఆగమనేది అర్హత వాక్యం దగ్గర. మీరు గణిత శాస్త్రాల పరీక్ష ఒక్కదాన్నే పెడితే స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ రాసినవారు బయటే ఉండిపోతారు. మూడు పరీక్షలనూ అనుమతిస్తే వేర్వేరు పరీక్షల ర్యాంకులను ఒకే వరుసలో నిలబెట్టలేం కాబట్టి సీట్లను పరీక్షలవారీగా పంచాలి. గణితానికి 20, మిగతా రెంటికీ చెరో 10 అని పెట్టి, ఒకదానిలో మిగిలినవి మరొకదానికి మళ్లించే నియమాన్ని కూడా అప్పుడే రాయాలి. రెండో చిక్కు ఇంకా సున్నితమైనది. రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో మూడు సబ్జెక్టుల పాత పద్ధతి పోయి, ఒక ప్రధాన సబ్జెక్టు (మేజర్), ఒక ఉప సబ్జెక్టు (మైనర్) ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చింది. ఆ బ్యాచ్ మూడేళ్ల చదువు ముగిసేది 2026లో. పాత నోటిఫికేషన్ నుంచి ‘గణితం ఒక సబ్జెక్టుగా మూడేళ్లు చదివిన బీఎస్సీ’ అన్న వాక్యాన్ని ఎత్తి రాస్తే, ఫిజిక్స్ మేజర్‌గా, గణితం మైనర్‌గా చదివిన విద్యార్థి అర్హుడా కాదా అన్నది సర్టిఫికెట్ల పరిశీలన బల్ల దగ్గర తేల్చవలసి వస్తుంది. అక్కడ కూర్చున్నవారు సాధారణంగా కాదనే అంటారు. మేజర్ అయినా మైనర్ అయినా ఇన్ని క్రెడిట్ల (బోధన గంటలను బట్టి ఇచ్చే పాయింట్ల) గణితం ఉంటే చాలని క్రెడిట్లలో రాయండి. నాలుగేళ్ల ఆనర్స్ పూర్తి చేసినవారికి ఏడాది పీజీకి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2024 పీజీ చట్రం అవకాశం ఇచ్చింది గనుక, వారిని నేరుగా రెండో ఏడాదిలోకి తీసుకుంటారా, తీసుకుంటే ఏ సీట్లలో అన్నది కూడా నిబంధనల్లో ఇప్పుడే చేర్చండి.

ప్రశ్న: తెలంగాణలో ఒక మండల కేంద్రంలో ప్రైవేటు డిగ్రీ కళాశాల నడుపుతున్నాం. బీకాం తప్ప ఏదీ నిండడం లేదు. కొత్తగా బీఎస్సీ డేటా సైన్స్ సెక్షన్ తీసుకుంటే డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల వ్యవస్థ దోస్త్‌లో విద్యార్థులు వస్తారా?
– ఒక ప్రిన్సిపాల్, ఉమ్మడి నల్లగొండ జిల్లా

జవాబు: కోర్సు పేరు చూసి కాకుండా మీ చుట్టుపక్కల ఎంపీసీ విద్యార్థుల సంఖ్య చూసి నిర్ణయించండి. మీ ఊరికి బస్సులో వచ్చి పోగలిగిన దూరంలోని జూనియర్ కళాశాలల జాబితా రాసుకుని, ఒక్కొక్క చోట రెండో సంవత్సరం ఎంపీసీలో ఎంతమంది ఉన్నారో, బైపీసీ, సీఈసీలలో ఎంతమంది ఉన్నారో తెలుసుకోండి. గ్రామీణ మండలాల్లో చాలాచోట్ల బైపీసీ, సీఈసీ అంకెలే పెద్దవిగా ఉంటాయి. బీకాం నిండడానికి కారణం అదే. ఎంపీసీలో ఉన్నవారిలోనూ ఎక్కువమంది చూపు ఇంజినీరింగ్ మీద ఉంటుంది. రాష్ట్రంలో లక్షకు పైగా ఇంజినీరింగ్ సీట్లు ఉన్నప్పుడు, దోస్త్ మొదటి విడతలో మీ దగ్గర సీటు ఖాయం చేసుకున్న విద్యార్థి ఎప్‌సెట్ కౌన్సెలింగ్ విడతలు ముగిసేదాకా మీ విద్యార్థి అని చెప్పడానికి లేదు. కాబట్టి చేరికల లెక్క ఆగస్టు చివరన తీసుకోండి, జూన్‌లో తీసుకోకండి.

2016లో దోస్త్ వచ్చాక కళాశాల తనంతట తాను సీటు ఇచ్చే పద్ధతి పోయింది, విద్యార్థి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఆప్షన్ల వరుస పెట్టేటప్పుడు మీ పేరు గుర్తు రావాలి. ఫలితాలు వచ్చాక ఏప్రిల్, మే నెలల్లో కట్టే ఫ్లెక్సీలకు ఆ శక్తి తక్కువ. ఇంటర్ ప్రాక్టికల్స్ మొదలుకాకముందు, డిసెంబరు, జనవరి నెలల్లో మీ అధ్యాపకులే జూనియర్ కళాశాలలకు వెళ్లి ఒక పాఠం చెప్పి రావడం నయం. వెళ్లినప్పుడు ఆడపిల్లలను సాయంత్రం చివరి బస్సు ఎన్ని గంటలకని అడగండి. ఆ బస్సు నాలుగున్నరకే వెళ్లిపోతుంటే, ఐదింటిదాకా ల్యాబ్ పెట్టిన టైంటేబుల్ ఎంత గొప్పదైనా వారు మీ కోర్సును ఎంచుకోరు.

సెక్షన్ అదనంగా తీసుకోవద్దు. నిండని బీఎస్సీ సెక్షన్‌ను మార్పిడి చేయించుకోండి, ఎందుకంటే విశ్వవిద్యాలయ గుర్తింపు కోసం ఇచ్చే అఫిలియేషన్ ఫీజు సీట్లకు కట్టాలి, వచ్చిన పిల్లలకు కాదు. డేటా సైన్స్ బదులు బీసీఏ ఆలోచన ఉంటే, 2024-25 నుంచి బీసీఏ, బీబీఏ కోర్సులు అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) ఆమోదం పరిధిలోకి వచ్చాయి. ఆ దరఖాస్తుకు వేరే గడువు, వేరే ఖర్చు ఉంటాయి.

ప్రశ్న: మా సంస్థలో గత ఏడాది కొత్త కోర్సులో చేరినవారిలో చాలామంది మధ్యలో వెళ్లిపోయారు. ఈసారి ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసిపెట్టుకోవాలని, ఫీజు వాపసు ఇవ్వకూడదని యాజమాన్యం అంటోంది. పరిపాలనాధికారిగా నేను ఏం రాయాలి?
– ఒక ఉద్యోగి, గుంటూరు జిల్లా

జవాబు: కుదరదని రాయండి. 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్స్‌ను ప్రవేశ సమయంలో పరిశీలించి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి, స్వయంగా ధ్రువీకరించిన నకళ్లు మాత్రమే ఉంచుకోవాలి. ఫీజు వాపసుకు అదే నోటిఫికేషన్‌లో మెట్లు ఉన్నాయి: ప్రకటించిన ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానుకుంటే నూటికి నూరు శాతం, చివరి తేదీకి 15 రోజుల లోపు అయితే 90 శాతం, ఆ తేదీ దాటిన 15 రోజుల వరకు 80 శాతం, 15 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం, ఆ తర్వాత ఏమీ లేదు. నూరు శాతం వాపసులో ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ గరిష్ఠంగా 5,000 రూపాయలు మాత్రమే మినహాయించవచ్చు. 2024-25కు యూజీసీ ఇంకా ఉదారంగా, సెప్టెంబరు 30 వరకు పూర్తి వాపసు, అక్టోబరు 31 వరకు 1,000 రూపాయలకు మించని మినహాయింపుతో వాపసు అని చెప్పింది. కాబట్టి అక్టోబరు దాకా వచ్చిన ఫీజును ఆదాయంగా కాక డిపాజిట్‌గా చూపించమని అకౌంట్స్ విభాగానికి చెప్పండి. బడ్జెట్ అప్పుడే నిజం చెబుతుంది.

యాజమాన్యం అడగవలసినది ‘వాళ్లు ఏ వారంలో వెళ్లారు?’ అని. టీసీ తీసుకున్న తేదీలను క్యాలెండర్ మీద గుర్తు పెట్టి చూడండి. తేదీలన్నీ మరో కౌన్సెలింగ్ ఫలితాల చుట్టూ ఉంటే అది ప్రవేశాల సమస్య, వచ్చే ఏడాది సీట్ల అంచనాలో సర్దుకోవచ్చు. అవి మొదటి ఇంటర్నల్ పరీక్షల తర్వాత గుమిగూడి ఉంటే అది బోధన సమస్య. తరగతులు మొదలై నెలైనా ఆ కోర్సుకు అధ్యాపకుడు రాలేదా, ల్యాబ్ తాళం తీయలేదా అన్నది వెతకండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఒక కళాశాలలో ఈ ఏడాదే మొదలైన బీఎస్సీ కోర్సులో సీటు వచ్చింది. మొదటి బ్యాచ్‌లో చేర్చడం మంచిదేనా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: కొత్తదన్న ఒక్క కారణంతో వద్దనుకోకండి. కళాశాలకు వెళ్లి కోర్సుకు విశ్వవిద్యాలయం ఇచ్చిన అనుమతి ఉత్తర్వు చూపించమని అడగండి, చూపించడానికి వారికి ఇబ్బంది ఉండకూడదు. డిగ్రీ పట్టా మీద పడే పేరు యూజీసీ ప్రకటించిన డిగ్రీల పేర్లలో ఉందా, స్కాలర్‌షిప్‌ల ఈపాస్ పోర్టల్‌లో ఆ కళాశాల పేరు కింద ఈ కోర్సు కనిపిస్తోందా అన్నవి రెండో, మూడో ప్రశ్నలు. ఈపాస్‌లో కోర్సు నమోదు కాకుండా రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు ముందుకు సాగదు. ఈ కోర్సుకు ప్రత్యేకంగా ఎంతమంది అధ్యాపకులను నియమించారో, వారిలో రెగ్యులర్ ఎవరో కూడా అడగండి.

మీ అమ్మాయికి తర్వాత బీఈడీ చేసి డీఎస్సీ రాయాలన్న ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త అవసరం. ఎడ్‌సెట్‌లో మెథడాలజీ (బోధించబోయే సబ్జెక్టు) సీటు డిగ్రీలో చదివిన సబ్జెక్టులను బట్టి ఇస్తారు. కొత్త కోర్సు సిలబస్‌లో గణితం సొంత పేరుతో ఒక సబ్జెక్టుగా ఉందా, లేక వేరే పేపర్ల పేర్ల కింద కలిసిపోయిందా అన్నది ఫీజు కట్టే ముందే సిలబస్ పుస్తకం తెరిచి చూసుకోండి. వేరే పేర్ల కింద ఉంటే, గత ఎడ్‌సెట్ నోటిఫికేషన్‌లోని అర్హతల పట్టికతో దాన్ని పోల్చి, సందేహం ఉంటే కన్వీనర్ కార్యాలయానికి రాసి సమాధానం తెప్పించుకున్నాకే చేర్చండి.