చైనా వంటింటి వైద్యం పనిచేస్తుందా?

ప్రశ్న: అయ్యా, మాది సోంపేట దగ్గర ఒక పల్లె. మా అమ్మాయి చైనాలో ఎంబీబీఎస్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా అక్కడి స్నేహితుల దగ్గర నేర్చుకున్న వైద్యాలన్నీ మా మీద ప్రయోగిస్తుంది. జలుబు చేస్తే అల్లం, బెల్లం వేసి మరిగించిన నీళ్ళు ఇస్తుంది; మెడ పట్టేస్తే నూనె రాసి, ఎర్రని చారలు తేలేదాకా చెంచా అంచుతో గీరుతుంది. నాకు హాయిగానే ఉంది. ఇది చూసి పక్కింటివారు చైనా మూలికల పొడి పొట్లం ఒకటి తెచ్చి, మోకాళ్ళ నొప్పులకు మంచిదని మా అత్తగారికి ఇచ్చారు. ఆవిడకు 68 ఏళ్ళు, బీపీ మాత్ర వేసుకుంటారు, మొన్నటి పరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త ఎక్కువగా 1.7 వచ్చింది. ఈ చైనా చిట్కాలు నిజంగా పనిచేస్తాయా? ఆ పొడి వాడవచ్చునా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా పొట్లం సంగతి. ఆ పొడిని మీ అత్తగారికి ఇవ్వకండి. ఇప్పటికే ఇస్తూ ఉంటే ఆపేసి, ఈసారి పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ పొట్లాన్ని కూడా డాక్టరుగారికి చూపించండి. ఎందుకో తరువాత వివరిస్తాను.

మీ అమ్మాయి ఇచ్చే కషాయం మనకు కొత్తది కాదు. చైనా ఇళ్ళలో జలుబు పట్టగానే అల్లం ముక్కలు, ఉల్లికాడల తెల్లని మొదళ్ళు, కాస్త ముడి చక్కెర వేసి మరిగించి, వేడివేడిగా తాగి దుప్పటి కప్పుకుంటారు. మనం శొంఠి, మిరియాలు వేస్తాం, అంతే తేడా. వేడి గొంతుకు హాయినిస్తుంది, ఘాటు ముక్కు దిబ్బడను కాసేపు సడలిస్తుంది, కాని వైరస్ జోలికి రెండూ పోవు. జలుబు వారం పది రోజుల్లో తనంతట తానే తగ్గేది కనుక, ఐదో రోజున తాగిన కషాయానికి ఏడో రోజున మంచి పేరు వస్తుంది. అల్లానికి ఒక విషయంలో మాత్రం గట్టి ఆధారం ఉంది: వేవిళ్ళ వికారాన్ని అది కొంత తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది.

చెంచాతో గీరడాన్ని అక్కడ గువా షా అంటారు. లోపలి చెడు బయటికి వచ్చిందని చెప్పే ఆ ఎరుపు, నిజానికి చర్మం కింది సన్నని రక్తనాళాలు చిట్లి కమిలిన గుర్తు మాత్రమే. మెడనొప్పికి దీనివల్ల కొద్ది రోజులు ఉపశమనం కలిగిందని చిన్న పరిశీలనలు ఉన్నాయి గాని, గీరించుకున్నవారికి ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది కనుక, అందులో గీరుడు పాలు ఎంతో, నమ్మకం పాలు ఎంతో విడదీయడం కష్టం. రక్తాన్ని పలుచన చేసే మాత్రలు వాడేవారు, చర్మం మీద పుండ్లున్నవారు దీని జోలికి పోకూడదు. పసిబిడ్డల పొట్ట మీద వాతలు పెట్టించిన పెద్దలు మనలోనూ ఉన్నారు కనుక, దానితో పోలిస్తే చెంచా సాధువే అనాలి.

అలాగని చైనా వైద్యమంతా వట్టి నమ్మకం కాదు. సీతంపేట వైపు కొండ ఊళ్ళలో ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియా సోకినవారికి ఇచ్చే మందుల్లో ఆర్టిమిసినిన్ జాతి మందు ఒకటి ఉంటుంది. దాని పుట్టిల్లు చైనా. 4వ శతాబ్దపు వైద్యుడు గే హోంగ్, చింగ్‌హావ్ అనే మొక్కను గుప్పెడు తీసుకుని నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలని జ్వరాలకు రాసి పెట్టాడు. 1967లో చైనా ప్రభుత్వం మలేరియా మందు కోసం మొదలుపెట్టిన రహస్య పరిశోధనలో తూ యూయూ బృందం ఆ వాక్యం దగ్గర ఆగింది: కాచమని కాదు, పిండమని కదా ఉంది! మరిగిస్తే గుణం పోతోందేమోనని, 35 డిగ్రీలకే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసి చూస్తే 1971లో అది ఎలుకల్లో మలేరియా క్రిములను పూర్తిగా తుడిచిపెట్టింది. ఆ మరుసటి ఏడాది తూ, ఆమె సహచరులు ముందుగా తామే దానిని మింగి చూసుకున్నారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పాత పుస్తకం దారి చూపింది నిజమే. కాని ఆ దారిలో ఎన్నో మొక్కలు పరీక్షకు నిలవలేదు, నిలిచిన మొక్కను కూడా శుద్ధి చేసి మోతాదు కట్టాకే రోగికి ఇచ్చారు. నేటికీ ఆ ఆకు టీని మలేరియాకు వాడవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇప్పుడు పొట్లం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఒక క్లినిక్‌లో చైనా మూలికల గుళికలు వాడిన మహిళల్లో వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఫాంగ్‌జీ అనే పేరు కలిసిన రెండు మూలికల్లో ఒకదానికి బదులు మరొకటి చేరడమే అందుకు కారణం. చేరినదానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. అది కిడ్నీని గట్టిపరచి ఎండగొడుతుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది. మనవైపు పాముకాటుకు వాడే ఈశ్వరి వేరు కూడా ఆ కుటుంబానిదే కనుక, ఇది చైనావారి మీద వేసే నింద కాదు. ఇక కీళ్ళనొప్పి పొడుల్లో పైకి చెప్పకుండా స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు కలిపిన ఉదంతాలు పలు దేశాల్లో పట్టుబడ్డాయి. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే సంతోషించే ముందు అనుమానించాలి. అక్కడి యోగాల్లో తరచుగా కనిపించే అతిమధురం ఎక్కువైతే ఒంట్లో ఉప్పు నిలిచి, పొటాషియం తగ్గి, బీపీ పెరుగుతుంది.

మీది ఉద్దానం ప్రాంతం. అక్కడి కిడ్నీ జబ్బుకు ఈ పొట్లాలే కారణమని నేను అనడం లేదు, కాని 1.7 చేరిన క్రియాటినిన్‌తో ఉన్న మనిషికి, లోపల ఏముందో రాసి ఉండని పొడిని ఇవ్వడం ఎక్కడైనా తప్పే. మందుల షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా ఆవిడకు మంచివి కావు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, వేడి కాపడం, కుర్చీలో కూర్చుని కాలు చాచి పట్టి నిలిపే తొడ వ్యాయామం మేలు.

ప్రశ్న: మా ముత్తాతగారు రంగం (రంగూన్) నుంచి తెచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో టైగర్ బామ్ వాడుక. పదినెలల మనవడికి జలుబు చేస్తే ముక్కు కింద రాయవచ్చునా?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: రాయకండి. మీ ఇంటి జ్ఞాపకం సరైనదే. ఆ బామ్ పుట్టింది రంగూన్‌లో స్థిరపడిన చైనా వైద్యుల ఇంట్లోనే. అందులోని కర్పూరం, మెంథాల్ పెద్దలకు నొప్పి నుంచి దృష్టి మళ్ళించి చల్లగా అనిపిస్తాయి. రెండేళ్ళలోపు బిడ్డకు ముక్కు దగ్గర రాస్తే ఊపిరి ఇబ్బంది పడవచ్చు, కర్పూరం నోట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు. ఏడాది నిండలేదు కనుక తేనె కూడా నాకించవద్దు. ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, పాలు కొంచెం కొంచెంగా పట్టించండి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బామ్ డబ్బాను మాత్రం పాకే పిల్లవాడి చేతికి అందని అలమరలో పెట్టండి.