ఆర్డర్ ఫారంలో బటన్ నొక్కితే రాసిందంతా పోతోంది

ప్రశ్న: మాది చిన్న చీరల షాపు. మా వెబ్‌సైట్‌లో ఆర్డర్ ఫారం మధ్యలో 'బ్లౌజ్ కొలతలు' అని ఒక బటన్ పెట్టాం. నొక్కితే కొలతల పట్టిక కొత్త విండోలో రావాలి. వస్తోంది గానీ, వెనక ఫారంలో కస్టమర్లు కొట్టిన పేరు, అడ్రసు అన్నీ ఎగిరిపోతున్నాయి. కొందరి ఐఫోన్లలో అయితే అసలు ఏమీ తెరుచుకోవడం లేదట. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఓపిగ్గా అడ్రసంతా కొట్టి, పిన్‌కోడ్ దాకా వచ్చి, 34 సైజా 36 సైజా అని ఒక్కసారి చూసుకుందామని నొక్కినావిడకి ఫారం ఖాళీగా కనిపిస్తే ఎంత విసుగొస్తుందో ఆలోచించండి. ఇది ఈరోజే సరిచేయండి.

ఫారం లోపల ఉన్న బటన్‌కి టైప్ ఏమిటో చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని సబ్‌మిట్ బటన్‌గానే, అంటే ఫారాన్ని పంపే బటన్‌గానే తీసుకుంటుంది. అందుకే మీ విండోనీ తెరుస్తోంది, వెనకాల ఫారాన్నీ పంపించేస్తోంది, దాంతో పేజీ మళ్లీ లోడై రాసిందంతా పోతోంది. ఆ బటన్ ట్యాగ్‌లో, అంటే పేజీ కోడ్‌లో బటన్‌ని పెట్టిన చోట, టైప్ అని రాసి, విలువగా బటన్ అని ఇవ్వండి (type="button"), ఫారం కదలదు.

ఐఫోన్ సంగతి వేరు. అక్కడ అడ్డుపడేది పాపప్ బ్లాకర్, అంటే మనం అడక్కుండా తెరుచుకునే విండోలను ఆపే బ్రౌజర్ ఏర్పాటు. వేలు తగిలిన వెంటనే విండో.ఓపెన్ (కొత్త విండో తెరవమనే ఆదేశం) నడిస్తే ఒప్పుకుంటుంది, అదే మీ కోడ్ ముందు సర్వర్‌ని ఏదో అడిగి, జవాబు వచ్చాక తీరిగ్గా తెరవబోతే, ఇది మనిషి నొక్కింది కాదనుకుని ఆపేస్తుంది. ఐఫోన్‌తో వచ్చే బ్రౌజర్ సఫారీ ఈ విషయంలో క్రోమ్ కన్నా గట్టిగా ఉంటుంది. మీ కోడ్‌లో ముందుగా వెతకాల్సింది అలా ఆలస్యంగా తెరిచే చోటే.

నన్నడిగితే అసలు ఇక్కడ బటనే వద్దు. ఇంకో పేజీకి తీసుకెళ్లడం లింకు పని. మామూలు లింకు పెట్టి, టార్గెట్ దగ్గర ముందు అండర్‌స్కోర్ గుర్తుతో బ్లాంక్ అని ఇచ్చి (target="_blank"), పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌తో బటన్‌లా కనిపించేలా రంగు, అంచు వేసుకోండి. అండర్‌స్కోర్ మాత్రం మర్చిపోకండి, అది లేకపోతే బ్లాంక్ అన్నది ఆ విండో పేరైపోయి, ఆ పేరు పెట్టిన లింకులన్నీ ఒకే ట్యాబ్‌లో ఒకదాని మీద ఒకటి తెరుచుకుంటాయి. లింకైతే జావాస్క్రిప్ట్ అక్కర్లేదు, బ్లాకర్‌తో టెన్షన్ లేదు, చూపు లేనివాళ్లకు తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా దాన్ని లింకు అనే చదువుతుంది. విండో వెడల్పు, ఎత్తు అంకెలిచ్చి కుస్తీ పట్టకండి, ఫోన్‌లో ఎలాగూ ట్యాబ్‌గానే వస్తుంది.

ఫారం సగంలో ఉన్నప్పుడు కొత్త ట్యాబ్ మంచిదే. మిగతా పేజీలకు మాత్రం ఇలా చేయకండి, కొత్త ట్యాబ్‌లో వెనక్కి బాణం చాలాసార్లు పనిచేయక పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతారు. మీ లింకు మీద కూడా 'బ్లౌజ్ కొలతలు – కొత్త ట్యాబ్‌లో' అని రాయండి.