గ్యాసు ఖర్చవదు అల్లుడూ

విజయనగరం

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. పికప్పులో ఏసీ వేడి గాలి కొడుతోందనీ, గ్యాసు డబ్బా, గేజీలు కొనుక్కొచ్చి నువ్వే బాగుచేస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరితోట పడిపోతే, మళ్ళీ వేసిన మొక్కలు కాపుకొచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోకుండా బండి కొని ఇంటిని నిలబెట్టిన గుంటడివి. నీ బండి నువ్వే విప్పి చూసుకుంటానంటే నాకు గర్వమే. కానీ గ్యాసు అన్న మాట విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

ముందు ఆ డబ్బా కొనడం ఆపు. ఏసీ గ్యాసు డీజిల్‌లాగా ఖర్చయ్యేది కాదురా. పైపుల్లో తిరిగిందే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. అసలు తగ్గిందో లేదో కూడా నీకింకా తెలీదు.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వెయ్యి. గ్యాసుని నొక్కి పైపుల్లో తిప్పే పంపే కంప్రెసర్. దాని ముందున్న క్లచ్ ప్లేటు టక్కుమని పట్టి పుల్లీతో పాటు తిరగాలి. తిరక్కపోతే ఫ్యూజు, రిలే చూడు. అవి బాగుంటే గ్యాసు తగ్గి ప్రెజర్ స్విచ్చి ఆపి ఉండొచ్చు. ఆ స్విచ్చిని వైరుతో డైరెక్టు చెయ్యమని ఎవడైనా చెబితే వినకు. కంప్రెసర్ చావకుండా కాపాడేది అదే.

క్లచ్ తిరుగుతూ, రోడ్డు మీద వెళ్తుంటే కాస్త చల్లగా, రైలు గేటు దగ్గర ఆగితే వేడిగా వస్తోందా? అయితే రేడియేటరు ముందుండి గ్యాసు వేడిని బయటికి వదిలే కండెన్సర్ చూడు, దాని ఫ్యాను చూడు. కవిటి, సోంపేట పీచు మిల్లుల్లో తిరిగే బండి అది. ఆ పీచూ దుమ్మూ రేకుల మధ్య దట్టంగా పట్టేసి ఉంటాయి. ఇంజిన్ చల్లారాక లోపలివైపు నుంచి బయటికి మామూలు పైపు నీళ్ళతో కడుగు. సర్వీసింగు జెట్టు పెట్టావంటే రేకులు వంగిపోతాయి. కడగడంతోనే సగం బాధ తీరిన బండ్లు నేను చాలా చూశాను. క్యాబిన్ ఫిల్టరుంటే అదీ దులుపు.

తర్వాత పైపుల జాయింట్లు తడుముకుంటూ వెళ్ళు. జిడ్డు మరక మీద దుమ్ము అంటుకున్న చోట సబ్బునురగ రాయి. గ్యాసుతో పాటు ఆయిలూ బయటికొస్తుంది కాబట్టి కారే చోటు అలా పట్టుబడుతుంది. మీది సముద్రపు గాలి. కండెన్సర్ కింది అంచులు ఉప్పుకి తినేసి ఉంటాయి, అక్కడ ఇంకాస్త నిదానంగా చూడు.

ఇంతవరకూ నీ పని. ఇక్కడ ఆగు.

సాలూరులో నేను పని నేర్చుకునే రోజుల్లో, అప్పుడది మన జిల్లాలోనే ఉండేది, మా షెడ్డుకి ఒక షావుకారి కారు వేసవంతా వస్తూనే ఉండేది. వచ్చినప్పుడల్లా మా మేస్త్రీ గ్యాసు పట్టేవాడు. కొన్నాళ్ళు చల్లగా ఉండేది, మళ్ళీ వేడి గాలి. ఎక్కడ కారుతోందో చూద్దామంటే పార్టీకి టైము లేదనేవాడు. పట్టిన ప్రతిసారీ గ్యాసుతో పాటు కంప్రెసర్ ఆయిలూ కొంచెం కొంచెం పోతూ వచ్చింది. చివరికి ఒక మధ్యాహ్నం కంప్రెసర్ పట్టేసింది. షావుకారు నలుగురిలో నానా మాటలూ అని వెళ్ళిపోయాడు. ఆ ఉక్రోషంతో మేస్త్రీ, కంప్రెసర్ అప్పటికప్పుడే దించేస్తానని స్పానర్ అందుకున్నాడు. లైన్లో గ్యాసుంది. ముందురోజే తన చేత్తో పట్టాడు. అంత పనిమంతుడికి ఆ క్షణంలో అది గుర్తు రాలేదు.

కండెన్సర్ దగ్గర నట్టు కాస్త వదులైందో లేదో, బుస్సుమని మొహం మీదికి కొట్టింది. అప్పటి ఏసీ గ్యాసు ఆర్-12 మైనస్ 30 డిగ్రీల దగ్గర మరుగుతుంది. నీ బండిలో ఉండే ఆర్-134ఏ మైనస్ 26 దగ్గర. మే నెల ఎండలో కూడా ఆ చుక్క పడిన చోట తోలు గడ్డకట్టుకుపోతుంది. వేళ్ళు తెల్లబారిపోయాయి. ఎడమ కంట్లో పడింది. ఆ బాధకి ఆయన కన్ను నలిపేశాడు. మాకెవరికీ నీళ్ళు పొయ్యాలని తోచలేదు. ఆ కన్ను మళ్ళీ సరిగ్గా కనబడలేదు. తర్వాత్తర్వాత సన్న సందులు కొలిచే ఫీలర్ గేజీ మీద అంకె చదవడానికి నన్ను పిలిచేవాడు. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పినవాడు రా ఆయన. పిలిచినప్పుడల్లా నాకు గొంతు పట్టేసేది.

అందుకే చెబుతున్నా, గ్యాసున్న లైను నువ్వు విప్పకు. రికవరీ మిషనున్న షెడ్డులో ముందు గ్యాసు లాగించాలి. గాల్లోకి వదలడం కూడా తప్పే, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడు కంటే అది వెయ్యి రెట్లకి పైన. లీకు కట్టి, జాయింట్లలోని రబ్బరు ఓ-రింగులూ, తేమ పీల్చే డ్రయరూ మార్చి, పంపుతో లోపలి గాలి, తేమ పోయేలా అరగంట తక్కువ కాకుండా వ్యాక్యూమ్ లాగి, వాల్వులు మూసి గేజీ సూది కదలకుండా నిలబడుతుందో లేదో చూడాలి. అప్పుడే గ్యాసు. అదీ బోనెట్టు కింద స్టిక్కరు మీద ఎన్ని గ్రాములుంటే అన్నే, తూకం వేసి. ఎక్కువైనా కూలింగు రాదు. ఇంజిన్ నడుస్తుండగా తక్కువ ప్రెజరుండే నీలం గేజీ వైపు నుంచే పట్టాలి, ఎక్కువ ప్రెజరుండే ఎర్రదాని వాల్వు మూసి పెట్టి. అది తెరిచావంటే బండిలోని ప్రెజరు ఎదురు తన్ని డబ్బా పేలొచ్చు. చవకని వంటగ్యాసు పట్టించేవాళ్ళున్నారు. కారితే క్యాబిన్‌లోకీ రావచ్చు, ఒక్క నిప్పురవ్వ చాలు. వాళ్ళ గుమ్మం తొక్కకు.

కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా పని మొదలెట్టకు. పొరపాటున కంట్లో పడితే నలపకుండా పావుగంట మామూలు నీళ్ళు ధారగా పోసుకుని, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ ముక్క మీ అమ్మకీ చెప్పి ఉంచు. కోప్పడుతున్నాననుకోకు. ఆ ఇల్లు నీ మీద నడుస్తోంది, నువ్వు మా ఇంటి పెద్ద మేనల్లుడివి.

ఆదివారం గేజీల సెట్టు పట్టుకుని నేనే వస్తున్నాను. సోంపేట స్టేషన్‌కి బండి తీసుకురా. ఈలోగా కడిగెయ్యి, ఫ్యూజులు చూడు, మరక దొరికితే సుద్దముక్కతో గుర్తు పెట్టు. పైపులు మాత్రం ముట్టుకోకు.

మీ మావయ్య