గ్రాఫును చేతితో తిప్పడం

ప్రశ్న: జెడ్ = ఎక్స్² − వై² అనే ఉపరితలాన్ని నల్లబల్ల మీద ఎంత గీసినా, అది గుర్రపు జీనులా ఉంటుందన్న సంగతి మా డిగ్రీ విద్యార్థులకు అందడం లేదు. లాప్‌టాప్ కెమెరా ముందు చెయ్యి కదిపితే తెర మీద ఆ గ్రాఫు తిరిగేలా కొందరు విద్యార్థులే ఒక ప్రోగ్రామ్ రాశారు. అయితే నేను పాఠం చెబుతూ చెయ్యి ఊపినప్పుడల్లా గ్రాఫు గిర్రున తిరిగిపోతోంది, చెయ్యి ఆపితే వణుకుతోంది. లోపం ఎక్కడుంది?
– గణిత అధ్యాపకురాలు, కాకినాడ

జవాబు: మీ విద్యార్థులు చేతిని గుర్తించడం మీద శ్రద్ధ పెట్టారు గాని, దానిని ఎప్పుడు పట్టించుకోకూడదో ఆలోచించినట్టు లేదు. మౌస్‌కు బటన్ ఉంది కనుక నొక్కి ఉంచినంతసేపే బొమ్మను లాగుతున్నట్టు లెక్క. గాలిలో ఆడే చేతికి అలాంటి బటన్‌ను మనమే కల్పించాలి. బొటనవేలి కొన, చూపుడువేలి కొన కలిసి ఉన్నంతసేపే గ్రాఫు చేతికి చిక్కినట్టు, విడివడగానే వదిలేసినట్టు ఏర్పాటు చేయించండి. వారు వాడినది చేతిని గుర్తించే గూగుల్ వారి సాఫ్ట్‌వేర్ మీడియాపైప్ అయితే, అది ఒక్కో చేతిలో గుర్తించే 21 బిందువులలో ఈ రెండు కొనల సంఖ్యలు 4, 8. వాటి మధ్య దూరాన్ని పిక్సెళ్లలో కాక అరచేతి వెడల్పుతో పోల్చి కొలవాలి. లేకుంటే మీరు నాలుగడుగులు వెనక్కి వేయగానే విప్పిన వేళ్లు కూడా కలిసినట్టే లెక్కకు వస్తాయి. పట్టుకు, విడుపుకు ఒకే హద్దు పెట్టకూడదు. దూరం అరచేతి వెడల్పులో నాలుగో వంతుకు తగ్గితే పట్టు, సగం దాటితేనే విడుపు అన్న లెక్కతో మొదలుపెట్టి, మీ తరగతి గదిలోనే సరిచూసుకోండి.

వణుకు కెమెరా కొలతలలోనే ఉంటుంది. వట్టి సగటు తీస్తే అది తగ్గుతుంది గాని, గ్రాఫు చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. 2012లో వెలువడిన ‘వన్ యూరో ఫిల్టర్’ అనే లెక్కింపు పద్ధతి చెయ్యి నెమ్మదిగా ఉన్నప్పుడు ఎక్కువగా, వేగంగా కదిలినప్పుడు తక్కువగా నునుపు చేస్తుంది కనుక ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

తిప్పడంలో పూర్తి స్వేచ్ఛ ఇవ్వవద్దని నా సలహా. జీనును తలకిందులు చేసినా మళ్లీ జీనే కనిపిస్తుంది, కేవలం ఎక్స్, వై అక్షాల పాత్రలు తారుమారవుతాయి. బొమ్మ తిరగబడిందని ఎవరూ గమనించరు. అందువల్ల జెడ్ అక్షం ఎప్పుడూ పైకే ఉండి, గ్రాఫు కుమ్మరి సారె మీది కుండలా తిరగాలి, చూపు మాత్రం కొంతమేర పైకీ కిందికీ వంగాలి.

అసలు పాఠం రెండో చేతిలో ఉంది. ఆ చేతి వేళ్ల పట్టుతో ఒక అడ్డ సమతలాన్ని పైకీ కిందికీ జరపనివ్వండి. సున్నా ఎత్తులో అది ఉపరితలాన్ని రెండు ఖండించుకునే సరళరేఖలుగా కోస్తుంది. కాస్త పైకి జరిపితే అవి విడిపోయి ఎక్స్ దిశలో తెరుచుకునే అతిపరావలయం (హైపర్బోలా) అవుతాయి, కిందికి దించితే వై దిశలో తెరుచుకుంటాయి. వేళ్ల పట్టు విడిచినా ఆ తలం ఆగినచోటే నిలవాలి. అప్పుడు మీరు రెండు చేతులూ ఊపుకుంటూ వివరించవచ్చు.