టీ ఏ గ్లాసులో ఇచ్చారో మినిట్స్ బుక్కులో రాయించండి

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి దగ్గర ఊరు. ఎస్సీ కాలనీలో మా డ్వాక్రా సంఘానికి నేను లీడర్ని. వీవో, అంటే ఊళ్లో సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య, దాని మీటింగ్ నెలనెలా ఊళ్లో ఒకావిడ ఇంటి అరుగు మీద పెడతారు. వాళ్లు చాప మీద కూర్చుంటారు, మేం మెట్ల మీద. వాళ్లకి స్టీలు గ్లాసుల్లో టీ, మాకు కాగితం గ్లాసుల్లో. నాకంటే చిన్నవాళ్లు కూడా నన్ను ‘ఏమే’ అని పిలుస్తారు. కాలనీ పెద్దలకి చెబితే ‘అవన్నీ మేం చూసుకుంటాం, ఆడదానివి నీకెందుకు’ అన్నారు. మీటింగ్‌లో అడిగితే ‘అందరం ఆడవాళ్లమే కదా, మధ్యలో కులం ఎందుకు తెస్తావ్’ అన్నారు. మా ఆయన పోయి మూడేళ్లయింది, పేరంటానికి మా వీధివాళ్లే పిలవరు. నేనెవరికి చెప్పుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నరసన్నపేట వైపు మా అమ్మమ్మగారిల్లు కళ్ల ముందుకొచ్చింది. వసారా చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది, అంచు ఒకచోట సొట్టపోయి. నాట్లకి వచ్చినవాళ్లు దాన్ని తామే తీసి పట్టుకుంటే నేను పైనుంచి గంజి పోసేదాన్ని, చెయ్యి తగలకుండా. తాగి, కడిగి, మళ్లీ అక్కడే దోపేవారు. ముందు మగవాళ్లకి పోసేవాళ్లం, మిగిలింది ఆడవాళ్లకి, కూలి కూడా వాళ్లకే తక్కువ. ఎనిమిదేళ్ల పిల్లని, తప్పని తోచలేదు, ఇప్పుడు తల్చుకుంటే తలెత్తుకోలేను. ఆ సత్తు గ్లాసే ఈరోజు కాగితం గ్లాసయి మీ చేతికొచ్చింది.

ఇక మీ సంగతి. కాలనీలో ఆడదాన్నన్న మాట మర్చిపొమ్మంటున్నారు, అరుగు మీద కులం మాట మర్చిపొమ్మంటున్నారు, సగం సగం మనిషిగా వస్తేనే వింటామంటే ఎలా? ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ మీద ఐదుగురు నల్లజాతి ఆడవాళ్లు కేసు వేస్తే 1976లో కోర్టు ఏమందంటే, కంపెనీ ఆడవాళ్లని తీసుకుంటూనే ఉంది కదా అంది, ఆ ఆడవాళ్లు తెల్లవాళ్లు. జాతి సంగతి కావాలంటే వేరే కేసు నడుస్తోంది, అందులో కలవండి అంది, రెండూ కలిపి అడగడానికి వీల్లేదంది. కింబర్లీ క్రెన్‌షా అనే ఆచార్యురాలు 1989లో ఈ కేసు పట్టుకునే రాశారు: నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డ మనిషికి ఏ రోడ్డు మీంచి వచ్చే బండైనా తగలొచ్చు, ఒక్కోసారి అన్నీ తగలొచ్చు.

మన సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఈ సంగతే చెప్పింది, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులో. చూపు లేని ఒక ఎస్సీ అమ్మాయి మీద అత్యాచారం జరిగితే, ఆమె ఆడపిల్ల కావడం, ఎస్సీ కావడం, చూపు లేకపోవడం, వీటిని విడదీసి చూడకూడదంది. యావజ్జీవ శిక్ష నిలబెట్టింది. కానీ కులం కారణంగానే చేశాడని సాక్ష్యం లేదని అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్ష మాత్రం కొట్టేసింది, నాకది ఇప్పటికీ మింగుడు పడదు. అది పాత చట్టం నాటి ఘటన. 2016 జనవరి నుంచి, అలాంటి పెద్ద నేరాల్లో బాధితురాలు ఎస్సీ అని తెలిసి చేస్తే చాలని మార్చారు.

కాలనీ పెద్దలు మిమ్మల్ని ఆపడం వెనక భయం ఉంటే, అది ఉత్తిది కాదు. 2012 జూన్ 12న లక్షింపేటలో, మద్దువలస రిజర్వాయరు భూముల తగాదాలో, ఐదుగురు దళితుల్ని చంపేశారు. ఆ ఊరున్న వంగర మండలం అప్పుడు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు మీ జిల్లాలోనే ఉంది. అందుకే ఒక్కరూ వెళ్లొద్దు. కాలనీలో మిగతా సంఘాల లీడర్లని కూడగట్టుకుని, మీటింగ్ పంచాయతీ ఆఫీసులోనో బళ్లోనో పెట్టాలని, అందరికీ ఒకే రకం గ్లాసులని తీర్మానం అడగండి. ఒప్పుకోకపోతే, ఒప్పుకోలేదన్న మాటే తేదీతో సహా మినిట్స్ బుక్కులో రాయించండి, ఒక ఫొటో తీసుకోండి. తర్వాత డ్వాక్రా సంఘాల్ని చూసే వెలుగు ఆఫీసులో ఏపీఎంకి, అంటే మండలంలో ఆ పని చూసే అధికారికి, కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకోండి. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది, పాటిస్తే 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం కింద నేరం. బెదిరింపులొస్తే ఎస్సీ, ఎస్టీల కోసం పెట్టిన హెల్ప్‌లైన్ 14566కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. అట్రాసిటీ కేసైతే డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి.

పేరంటం మాట మీరు చివర్న, ఒక్క వాక్యంలో రాశారు. నాకు మాత్రం అది చిన్నదిగా అనిపించలేదు. గ్లాసు గురించి ఊరివాళ్లని నిలదీసేటప్పుడు మీ వెంట వచ్చే ఆడవాళ్లే రేపు పేరంటానికి మిమ్మల్ని వదిలేస్తారు. మెట్ల మీద కూర్చోబెడితే మనకెలా ఉందో, గడప బయట ఆపితే నాకూ అలాగే ఉందని ముందు వాళ్లకి చెప్పండి, మీటింగ్‌కి వెళ్లకముందే.