‘గారు’ తీసేశారని గొడవపడ్డాను: తెలుగు వికీపీడియాలో నా మొదటి వారం

తెలుగు వికీపీడియాలో రాయాలని ఉందనీ, కష్టపడి రాసింది ఎవరైనా తీసేస్తారేమోనన్న టెన్షన్‌తో ఆగిపోయాననీ చెప్పి, నిజంగానే తీసేస్తారా అని అడిగారు. తీసేస్తారండీ. అది ముందే చెప్పాలి. నేను రాసింది కూడా మొదటి వారంలోనే తీసేశారు. ఆ తర్వాత ఏం చేస్తామన్నదాన్ని బట్టే అక్కడ నిలబడతామా లేదా అన్నది తేలుతుంది.

నేను మొదట పట్టుకున్నది పాత తరం కవి ఒకాయన గురించిన వ్యాసం. అప్పటికి అందులో ఉన్నవి రెండే వాక్యాలు. అలాంటి చిన్న వ్యాసాన్ని అక్కడ ‘మొలక’ అంటారు. ఆయన పద్యాలు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు కాబట్టి, రాత్రి కూర్చుని నాలుగు పేరాలు రాశాను. పేరుకు ముందు ‘శ్రీ’, వెనక ‘గారు’, ‘జన్మించారు’, ‘రచించారు’, చివర్లో ‘తెలుగువారి గుండెల్లో చిరస్థాయిగా నిలిచిపోయారు’. పొద్దున చూస్తే శ్రీ లేదు, గారు లేదు. ‘జన్మించారు’ కాస్తా ‘జన్మించాడు’ అయింది. చివరి వాక్యం అసలు లేనే లేదు.

ఒళ్ళు మండింది. అంతటివాణ్ణి పట్టుకుని ‘జన్మించాడు’ అంటారా అని ఆ మార్పును రద్దు చేశాను. గంటలో మళ్ళీ మార్చారు. మళ్ళీ రద్దు చేశాను. మూడోసారికి సిద్ధమవుతుంటే నా చర్చ పేజీలో, అంటే మిగతా రచయితలు నాతో మాట్లాడటానికి ఉన్న పేజీలో, సందేశం కనిపించింది. వ్యాసం మీద మీరు పెట్టిన శ్రద్ధ చూసి సంతోషం వేసింది, ఇక్కడ అందరికీ ఏకవచనమే వాడతాం, ఎందుకో వ్యాసం చర్చ పేజీలో రాశాను, ఒకసారి చూడండి అని దాని సారాంశం.

వెళ్ళి చూశాను. నా రాతను మార్చినాయన అక్కడ వేసిన ప్రశ్న ఒక్కటే: ‘గారు’ ఎవరికి పెట్టాలి, ఎవరికి మానాలి? కవికి పెడితే, మనకు నచ్చని రాజకీయ నాయకుడికి పెట్టొద్దా? హత్యకేసులో శిక్షపడ్డవాడికి? ఒకరికి ‘వచ్చారు’, ఇంకొకరికి ‘వచ్చాడు’ అని రాస్తే, ఒక్క విశేషణం వాడకుండానే ఎవరు గొప్పో ఎవరు కాదో మనమే తేల్చేసినట్టు. ఇంగ్లీషులో రాసేవాళ్ళకు ఈ తలనొప్పి లేదు. మనకు మాత్రం క్రియతోనే గౌరవమో అగౌరవమో బయటపడిపోతుంది. అందుకే అక్కడ అందరికీ ఒకే కొలత. స్త్రీల గురించి ‘జన్మించింది’ అని రాసేటప్పుడు నాకిప్పటికీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, దాచడం ఎందుకు. అయినా పాటిస్తాను, ఎందుకంటే దాని వెనక ఉన్న కారణం న్యాయమైనది.

‘గుండెల్లో నిలిచిపోయారు’ అన్న వాక్యం పోవడానికి కారణం వేరు. అలా అన్నది ఎవరు? నేను. నా అభిమానం విజ్ఞాన సర్వస్వంలో సమాచారం కాదు. ఒక విమర్శకుడు ఫలానా పుస్తకంలో ఆయన్ని ఇలా అంచనా వేశాడని, పుస్తకం పేరూ పేజీ నంబరూ ఇచ్చి రాస్తే అది నిలుస్తుంది. తర్వాత అలాగే రాశాను. ఆ వాక్యం ఇప్పటికీ ఉంది.

కాబట్టి మీరు రాసింది పోయిందని కనిపించగానే రద్దు మీద నొక్కకండి. ముందు ‘చరిత్ర’ తెరవండి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అక్కడ వరుసగా ఉంటుంది. మార్చినవాళ్ళు చాలాసార్లు కారణం కూడా ఒక ముక్క రాసి ఉంటారు. అది సరిపోకపోతే చర్చ పేజీలో అడగండి, చివర నాలుగు టిల్డెలు (~~~~) పెడితే మీ సంతకం, సమయం వాటంతటవే పడతాయి. ఒకే పేజీలో ఇరవైనాలుగు గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివాళ్ళ మార్పును వెనక్కి తిప్పకూడదన్న నియమం వికీపీడియాలో ఉంది. నేను ఆ అంచుదాకా వెళ్ళానని నాకప్పుడు తెలియదు. అవతల ఉన్నదీ మనలాంటి మనిషే, జీతం లేకుండా, ఇంటిపనులయ్యాక కూర్చున్న మనిషి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి, వాటిని రోజూ కనిపెట్టుకుని ఉండేవాళ్ళు మాత్రం బాగా తక్కువ. నా నాలుగు పేరాలు అంత ఓపిగ్గా చదివి సరిదిద్దినందుకు ఆయనకు థ్యాంక్స్ చెప్పాల్సింది పోయి పోట్లాడాను. వారం తర్వాత చెప్పాననుకోండి.

పత్రికల్లోంచో పుస్తకాల్లోంచో పేరాలకు పేరాలు ఎత్తి పెట్టడం మాత్రం అస్సలు వద్దు. మూలం పేరు రాసినా అది కాపీయే. అక్కడ మనం రాసేది ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికి కూడా, రాసినవాళ్ళ పేరు చెప్పి అదే లైసెన్సుతో పంచితే చాలు. మనది కానిదాన్ని అలా పంచే హక్కు మనకెక్కడిది? చదివి, పుస్తకం మూసి, మీ మాటల్లో రాయండి. మీ గురించి, మీ బంధువుల గురించి, మీ సంస్థ గురించి వ్యాసం మొదలుపెట్టకండి, ఎంత నిజాయితీగా రాసినా నిలవదు.

అనువాదం గురించి కాస్త గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఇప్పుడు ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. ఇంగ్లీషు వ్యాసాన్ని మెషీన్‌కి ఇచ్చి, వచ్చింది వచ్చినట్టు ప్రచురిస్తే ‘ఈ వంతెన 1956లో ప్రభుత్వం చేత నిర్మించబడింది’ లాంటి వాక్యాలు వస్తాయి. అలా ఎవరు మాట్లాడతారు? ‘ఈ వంతెనను 1956లో ప్రభుత్వం కట్టించింది’ అంటే అయిపోయింది కదా. ఇలాంటి వాక్యాలు వంద ఉన్న వ్యాసాన్ని బాగుచెయ్యడం కంటే కొత్తగా రాయడమే తేలిక, నేను రెండూ చేశాను. ఒక్కో వాక్యం పైకి చదవండి. నోరు తిరక్కపోతే మార్చండి. మెషీన్ వాడటం తప్పు కాదు, చదవకుండా వదిలెయ్యడం తప్పు.

ఎక్కడ మొదలుపెట్టాలని కూడా అడిగారు. పెద్ద వ్యాసం వద్దు. ఖాతా తెరిచి, ముందు ‘ప్రయోగశాల’లో రెండు మూడు రోజులు చెయ్యి తిప్పుకోండి, అక్కడ ఏం పాడైనా ఎవరూ ఏమీ అనరు. తర్వాత మీకు బాగా తెలిసిన విషయం మీద ఉన్న వ్యాసం ఒకటి చదవండి. అచ్చుతప్పో, తేదీ తేడానో, మూలం లేని వాక్యమో తప్పకుండా దొరుకుతుంది. ఆ ఒక్కటే సరిచేసి, ఎందుకు చేశారో సారాంశం పెట్టెలో నాలుగు మాటలు రాసి ప్రచురించండి. ఆ పేజీని వీక్షణ జాబితాలో చేర్చుకుంటే తర్వాత ఎవరు ముట్టుకున్నా మీకు తెలుస్తుంది. సందేహం వస్తే ‘రచ్చబండ’ ఉంది, అది అందరూ మాట్లాడుకునే చోటు, అక్కడ కొత్తవాళ్ళు అడిగితే జవాబు చెప్తారు. నా మొదటి ప్రశ్నకు మర్నాటికే ఇద్దరు జవాబిచ్చారు.