ఊరి పేరు ఎవరి సొత్తు?

మైదానం ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వేల కోట్లు కుమ్మరించే యజమానులున్న ఈ రోజుల్లో, అభిమానులే నడుపుకొనే ఫుట్‌బాల్ క్లబ్బు బతికి బట్టకట్టగలదా? మా మిత్రుల మధ్య ఈ విషయం మీద పెద్ద వాదన నడుస్తోంది. ఒక్క ఉదాహరణ చూపించండి చాలు.

జవాబు: ఒక్కటే చాలన్నారు కాబట్టి లండన్ నైరుతి మూలనున్న ఏఎఫ్‌సీ వింబుల్డన్ కథ చెబుతాను. వింబుల్డన్ అనగానే అందరికీ టెన్నిస్ గుర్తుకొస్తుంది. నాకు ముందు గుర్తొచ్చేది ఈ క్లబ్బే.

1889లో అక్కడి ఒక బడిలో చదువుకున్న పూర్వ విద్యార్థులు జట్టు కట్టారు. వింబుల్డన్ కామన్ అనే ఉమ్మడి పచ్చిక బయలులో ఆడుతూ, బట్టలు మార్చుకోవడానికి పక్కనే ఉన్న ఫాక్స్ అండ్ గ్రేప్స్ అనే పబ్బుకు వెళ్లేవారు. 1912లో ప్లో లేన్ అనే చోట సొంత మైదానంలో స్థిరపడ్డారు. 1977 దాకా ఫుట్‌బాల్ లీగ్ (ఇంగ్లండు వృత్తి క్లబ్బుల పోటీ) గడప తొక్కని ఆ జట్టు 1986 నాటికి అందులో అన్నింటికన్నా పైమెట్టయిన మొదటి డివిజన్‌కు చేరింది. ఇంగ్లండులో చిన్నా పెద్దా క్లబ్బులు పోటీపడే ఎఫ్‌ఏ కప్ 1988 ఫైనల్లో, అప్పట్లో ఇంగ్లండును ఏలుతున్న లివర్‌పూల్‌ను 1-0తో ఓడించింది. గోల్ కొట్టింది లారీ సాంచెజ్. జాన్ ఆల్డ్రిడ్జ్ పెనాల్టీని గోల్‌కీపర్ డేవ్ బీసెంట్ ఆపేశాడు. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన ఎఫ్‌ఏ కప్ ఫైనళ్లలో పెనాల్టీని ఆపిన మొదటి గోల్‌కీపర్ అతడే.

ఆ తర్వాత అన్నీ కష్టాలే. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జనం నలిగి చనిపోయిన దుర్ఘటన తర్వాత పెద్ద డివిజన్ల స్టేడియాల్లో ప్రేక్షకులందరికీ కుర్చీలు ఉండాలన్న నిబంధన వచ్చింది. పాత ప్లో లేన్‌లో అది సాధ్యం కాదన్నారు. 1991లో జట్టు క్రిస్టల్ ప్యాలెస్ వారి స్టేడియానికి అద్దెకు వెళ్లింది. సొంత నేల 1998లో ఒక సూపర్ మార్కెట్ సంస్థ చేతికి పోయింది. చివరికి యజమానులు క్లబ్బునే సుమారు 90 కిలోమీటర్ల అవతలున్న మిల్టన్ కీన్స్‌కు తరలిస్తామన్నారు. 2002 మే 28న ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమించిన ముగ్గురు సభ్యుల కమిషన్‌లో ఇద్దరు సరేనని, ఒకరు కాదని ఓటేయడంతో అనుమతి వచ్చింది. అభిమానులు అదే ఊళ్లో క్లబ్బును కొత్తగా కట్టుకోవడం ఫుట్‌బాల్ విస్తృత ప్రయోజనాలకు తగదని కూడా తీర్పులో రాశారు. ఇన్నేళ్లయినా ఆ వాక్యం నాకు మింగుడు పడదు. వందేళ్లకు పైగా తరతరాలుగా వచ్చి నిలబడిన జనాన్ని ఆటకు పనికిరానివారిగా తేల్చడమే కదా అది!

అభిమానులు ఆ తీర్పును తలదాల్చలేదు. రెండు రోజులకే సమావేశమై సొంతంగా క్లబ్బు పెట్టుకోవాలని తేల్చుకున్నారు. అదే ఏఎఫ్‌సీ వింబుల్డన్. జూన్ 29న అదే కామన్ మీద ఆటగాళ్ల ఎంపిక జరిపితే రెండు వందల మందికి పైగా వచ్చారు. జూలై 10న సటన్ యునైటెడ్‌తో ఆడిన మొదటి స్నేహపూర్వక మ్యాచ్‌లో 4-0తో ఓడిపోయారు. చూడ్డానికి మాత్రం 4,657 మంది వచ్చారు. ఆరు వారాల కిందట పుట్టిన జట్టు కోసం!

ఇక బతికి బట్టకట్టడం సంగతి. 2003 ఫిబ్రవరి నుంచి 2004 డిసెంబర్ దాకా వరుసగా 78 లీగ్ మ్యాచ్‌ల్లో ఓటమి లేదు. దిగువ స్థాయి ప్రాంతీయ లీగ్ నుంచి తొమ్మిది సీజన్లలో ఐదుసార్లు పైమెట్టుకు ఎక్కి, 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. మీ మిత్రులకు ఈ లెక్క చూపించండి.

ప్రశ్న: క్లబ్బు అభిమానులదే అంటే అసలు ఎలా? జట్టును ఎవరు ఎంపిక చేస్తారు? అందరూ కూర్చుని ఓట్లు వేస్తారా?

జవాబు: జట్టును మేనేజరే ఎంపిక చేస్తాడు. రోజువారీ నిర్వహణ జీతం తీసుకునే ఉద్యోగులది. వారికి తోడుగా ఎందరో స్వచ్ఛంద కార్యకర్తలు పనిచేస్తారు. అందరి పైన ఉండేది డాన్స్ ట్రస్ట్ అనే అభిమానుల సంఘం (డాన్స్ అంటే నాట్యం కాదు, ‘వింబుల్డన్’ చివరి అక్షరాల నుంచి వచ్చిన జట్టు ముద్దుపేరు). క్లబ్బు మీద పట్టు దాని చేతిలో ఉంటుంది, దాని బోర్డును సభ్యులే ఎన్నుకుంటారు. ఒక్కో సభ్యుడికి ఒక్కటే ఓటు. లక్ష పౌండ్లు పెట్టినవాడికీ ఒకటే, చందా మాత్రం కట్టిన ముసలావిడకూ ఒకటే. నా దృష్టిలో ఈ క్లబ్బు విలువలన్నింటికీ పునాది ఈ నియమమే. మళ్లీ ఎవరైనా క్లబ్బును పట్టుకుపోవాలంటే ముందు ఈ ఓట్లన్నీ దాటుకు వెళ్లాలి.

దీనికి చెల్లించే ధర కూడా తక్కువేమీ కాదు. నిర్ణయాలు నెమ్మదిగా జరుగుతాయి. బడ్జెట్ చిన్నది. మంచి ఆటగాడు దొరికితే పెద్ద క్లబ్బులు తన్నుకుపోతాయి. 2019 చివరిలో పాత మైదానం దగ్గరే కట్టుకుంటున్న కొత్త స్టేడియానికి డబ్బు చాలక పని ఆగిపోయే ప్రమాదం వచ్చింది. బయటి పెట్టుబడిదారులకు వాటా అమ్మితే కష్టం గట్టెక్కుతుందన్న ఆలోచన వచ్చింది. అప్పుడు అభిమానులే క్లబ్బుకు అప్పిచ్చే బాండ్ల పథకం తెచ్చారు. ఎంత వడ్డీ కావాలో, అసలు వద్దో అప్పిచ్చేవాళ్లనే చెప్పుకోమన్నారు. గరిష్ఠంగా 4 శాతం. కొద్ది వారాల్లోనే 50 లక్షల పౌండ్లకు పైగా పోగయింది. స్టేడియం ఆగలేదు, క్లబ్బు చేతులు మారలేదు. అప్పిచ్చినవాళ్లే రేపు స్టాండ్లలో కూర్చుని ఆ డబ్బు ఎలా ఖర్చయిందో అడుగుతారు. లెక్కలు ఇంతకన్నా జాగ్రత్తగా చూసే యజమాని ఎక్కడ దొరుకుతాడు?

ప్రశ్న: కప్పు గెలిచిన పాత క్లబ్బు మిల్టన్ కీన్స్‌కు వెళ్లిపోయింది కదా. అలాంటప్పుడు 1988 విజయం చట్టప్రకారం వాళ్లదే కాదా?

జవాబు: కాగితాల మీద కంపెనీ వెళ్లింది. జనం వెళ్లలేదు. 2007లో మిల్టన్ కీన్స్ క్లబ్బు పాత వింబుల్డన్ చరిత్ర మీద హక్కు వదులుకుంది. ట్రోఫీలు, జ్ఞాపికలు వింబుల్డన్ ఉన్న మెర్టన్ పురపాలక ప్రాంతానికి తిరిగి వచ్చాయి. ఇక వాదన ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఫుట్‌బాల్ పిచ్చివాడు. ఆట గెలవడానికి ఆడతారు గాని ఊరిసేవకా అంటాడు. వాడికి ఏమి చెప్పమంటారు?

జవాబు: గెలవడానికే ఆడాలి, మీ అబ్బాయి మాట నిజం. ఈ క్లబ్బూ గెలవాలనే ఆడుతుంది. 2016లో వెంబ్లీలో ప్లిమత్‌ను 2-0తో ఓడించి, ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో పైనుంచి మూడో మెట్టయిన లీగ్ వన్‌కు ఎక్కింది. 2022లో కిందికి జారింది. 2025 మేలో మళ్లీ వెంబ్లీలోనే వాల్సాల్‌ను 1-0తో ఓడించి పైకి వచ్చింది. ఓడినప్పుడు ఏడవని అభిమాని ఆ ఊళ్లో ఉండడు.

కానీ 2020లో కరోనా వచ్చి మ్యాచ్‌లు ఆగిపోయినప్పుడు ఆ జనం ఏమి చేశారో కూడా మీ అబ్బాయికి చెప్పండి. అభిమానులు, ఇరుగుపొరుగు కలిసి డాన్స్ లోకల్ యాక్షన్ గ్రూప్ పేరుతో దుకాణాల ముందు సరుకులు సేకరించి, అవసరమున్న ఇళ్లకు చేరవేశారు. ఇంట్లో కంప్యూటర్ లేక ఆన్‌లైన్ పాఠాలకు దూరమైన పిల్లల కోసం వాడేసిన ల్యాప్‌టాప్‌లు పోగుచేసి, బాగుచేయించి ఇచ్చారు. ప్రతి శనివారం పక్కపక్కన నిలబడి అరిచే జనానికి ఒకరి వీధి ఒకరికి తెలుసు, ఎవరి ఇంట్లో ఇబ్బంది ఉందో తెలుసు. ఆ పరిచయం లేకపోతే అంత పని అంత త్వరగా జరిగేది కాదని నా నమ్మకం. ఆ ఏడాది నవంబర్ 3నే, పాత మైదానానికి కూతవేటు దూరంలో కట్టిన కొత్త ప్లో లేన్‌లో డాంకాస్టర్‌తో మొదటి మ్యాచ్ జరిగింది. 2-2 డ్రా. 29 ఏళ్ల తర్వాత సొంత వీధికి చేరినా, ఆంక్షల వల్ల ప్రేక్షకులను లోపలికి రానివ్వలేదు. ఎదురుచూసి, అప్పులిచ్చి కట్టించుకున్నవాళ్లు ఆ రాత్రి ఇళ్లలో తెరల మీద చూడాల్సి వచ్చింది. నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ప్రశ్న: ఈ క్లబ్బు గురించి తెలుసుకోవాలంటే ఏ మ్యాచ్ చూడాలి?

జవాబు: అందరూ 1988 ఫైనల్ అంటారు. నేను మాత్రం 2011 మే 21న లూటన్‌తో మాంచెస్టర్‌లో జరిగిన ప్లేఆఫ్ ఫైనల్ చూడమంటాను. ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎవరు ఎక్కాలో తేల్చిన మ్యాచ్ అది. అదనపు సమయం ముగిసినా గోల్ లేదు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ సెబ్ బ్రౌన్ రెండింటిని ఆపాడు. అతడు చిన్నప్పటి నుంచి వింబుల్డన్ అభిమాని. చివరి పెనాల్టీ కెప్టెన్ డానీ కెడ్వెల్ కొట్టాడు. ఆట చూశాక మీకు ఏమనిపించిందో తప్పక రాయండి.